పతకం మీద ఎవరి ముఖం?

విక్టోరియా రాణి 1861లో ‘స్టార్ ఆఫ్ ఇండియా’ బిరుదును నెలకొల్పి, తొలి గ్రహీతల్లో హైదరాబాదు నిజాం అఫ్జలుద్దౌలాను చేర్చింది. పతకం అందమైనదే. సులేమాని రాయిలో చెక్కిన రాణి ముఖం, చుట్టూ లేత నీలి మీనా, దానిమీద వజ్రాలు పొదిగిన అక్షరాలు. నిజాం మాత్రం మురిసిపోలేదు. ఆయన దివాను సాలార్‌జంగ్ బ్రిటిష్ రెసిడెంటుకు అభ్యంతరాలు రాసి పంపాడు. బిరుదుతో పాటు వేసుకోవలసిన అంగీ తొడుక్కుంటే జనం నవ్వుతారు, అది పట్టుదైతే మతం ఒప్పదు. ఇక పతకం సంగతి: ప్రాణి రూపాన్ని ఒంటిమీద ధరించడం ముసల్మానుకు నిషిద్ధం.

నిబంధనలు మారవని వైస్రాయి తేల్చేశాడు. నిజాం బిరుదు పుచ్చుకోక తప్పలేదు.

దీన్ని మొండి ఛాందసమని కొట్టిపారేయవచ్చు. కానీ ఈ బిరుదుల పుట్టింట్లోనూ ఇదే గుబులు ఉండేది. బర్గండీ ప్రభువు ఫిలిప్ 1430లో బ్రూజ్ నగరంలో ‘గోల్డెన్ ఫ్లీస్’ (బంగారు గొర్రెబొచ్చు) వీరసంఘాన్ని స్థాపించాడు. సభ్యుల మెడలో బంగారు హారం, దాని చివర వేలాడే గొర్రె బొమ్మ. ఆ గొర్రె ఎవరిది? గ్రీకు కథలోని జేసన్‌ది. అతడు అన్యమతస్థుడు, పైగా పెళ్లాడిన మెడియాకు ద్రోహం చేసినవాడు. సంఘానికి తొలి ఛాన్సలరైన బిషప్ జాన్ జెర్మాన్‌కు ఇది మింగుడుపడలేదు. బైబిల్లో గిద్యోను దేవుణ్ణి పరీక్షించిన గొర్రెబొచ్చును ముందుకు తెచ్చాడు. బొమ్మ మారలేదు, కథ మారింది! ఇంగ్లండు ‘గార్టర్’ వీరులకు ఆ తంటా లేదు. వారిది సెయింట్ జార్జ్ బొమ్మ. కంసాలి బంగారాన్ని బొమ్మగా మలిచి, రంగుల గాజుపొడి అద్ది, కొలిమిలో కరిగించి మెరుపు తెచ్చేవాడు.

అంత పనితనం ఉన్నా అది నగ కాదు. నగ ఒంటికి అందం. పతకం ఫలానా వారి మనిషినని చెప్పుకునే ప్రమాణం. గోల్డెన్ ఫ్లీస్ హారాన్ని సభ్యుడు పోయాక సంఘానికి తిరిగి ఇచ్చేయాలి. స్టార్ ఆఫ్ ఇండియాకూ ఆ షరతు ఉండేది.

ఒంటిమీద ఏది ధరించాలి, ఎవరి కోసం అన్న ప్రశ్నకు విజయనగరం దగ్గరి రామతీర్థంలో కొండలే రకరకాల జవాబులు చెబుతాయి. గురుభక్తులకొండ మీద బౌద్ధ విహారాల శిథిలాలున్నాయి. అక్కడి భిక్షువుకు పూలు, గంధం, ఆభరణాలు కూడేవి కావు. దుర్గకొండ మీద తీర్థంకరుల శిల్పాలు. త్రికాలయోగి సిద్ధాంతదేవుడనే జైనాచార్యుడు రామకొండకు భక్తితో మొక్కాడని తూర్పు చాళుక్య విమలాదిత్యుని కాలపు శాసనం చెబుతోంది. కొండ దిగువ గుడిలో రాముడు ఆభరణాలతో కొలువుతీరాడు. ఆభరణమంతా స్వామికి. శ్రీవైష్ణవుడు సమాశ్రయణం నాడు శంఖచక్రాల ముద్రలను కాల్చి భుజాలపై వేయించుకుంటాడు. ఫలానా వారి మనిషినని చెప్పే గుర్తే అదీ. తిరిగి ఇచ్చే షరతు లేదు, అమ్మితే కొనేవాడూ లేడు.

విజయనగరం పూసపాటి ప్రభువుల్లో విజయరామ గజపతి స్టార్ ఆఫ్ ఇండియాలో నైట్ కమాండర్ (కె.సి.ఎస్.ఐ.) అయ్యాడు. ఆయన కుమారుడు ఆనంద గజపతికి ‘ఇండియన్ ఎంపైర్’ బిరుదు దక్కింది. దాని ఎర్ర మీనా గులాబీ నడుమ కూడా రాణి ముఖమే. బొమ్మను ధరించడం హిందువుకు పాపం కాదు కనుక నిజాం పేచీ వారికి వర్తించదని అనవచ్చు. అది సగం జవాబే. బొమ్మ ధరించవచ్చా అన్నది శాస్త్రం చూసుకుంటుంది. ఎవరి బొమ్మ అన్నది ధరించేవాడే తేల్చుకోవాలి. ఆ సంగతి వైస్రాయి కంటే నిజామే బాగా ఎరిగినవాడు.