మూటా ముల్లే

2003 నవంబరులో అమెరికా పెద్ద నగరాల్లో ఒక రూలు అమల్లోకి వచ్చింది: సెల్‌ఫోన్ కంపెనీ మారినా నంబరు మారక్కర్లేదు. నేను వెంటనే కంపెనీ మార్చేశాను. ఇండియాలో ఉన్న నాన్నకి ఆ సంగతే తెలియదు. ఆయనకి కంఠతా వచ్చిన నంబరు నాతోపాటే వచ్చింది మరి.

అందుకే 2022 అక్టోబరులో ట్విట్టర్ చేతులు మారాక, "మాస్టొడాన్‌కి వచ్చెయ్, అక్కడ నీ అకౌంటు నీదే, నచ్చకపోతే ఇంకో సర్వర్‌కి పట్టుకుపోవచ్చు" అని ఓ మిత్రుడు చెబితే ఇట్టే నమ్మేశాను. ఊళ్ళోవాళ్ళ డేటా ఒకచోటి నుంచి ఇంకోచోటికి తరలించడమే ఇరవయ్యేళ్ళుగా నా ఉద్యోగం. అయినా నమ్మేశాను!

ఒక అమెరికనాయన సొంత ఖర్చుతో నడిపే చిన్న సర్వర్‌లో చేరాను. నాన్న పోయాక ఆయన గురించి అక్కడ ఇంగ్లీషులో రాసుకుంటూ వచ్చాను. ముక్కూ మొహం తెలియనివాళ్ళు కింద తమ నాన్నల గురించి రాసేవారు. పొద్దున్నే కాఫీ కన్నా ముందు అవే చదివేవాణ్ణి. ఏడాది తిరిగేసరికి, "ఇక నావల్ల కాదు, మూడు నెలల్లో మూసేస్తున్నాను" అని ఆయన నోటీసు పెట్టాడు.

మారడానికి కూర్చున్నాక తెలిసింది. మాస్టొడాన్‌లో మనల్ని అనుసరించేవాళ్ళు మనతో వస్తారు. రాసినవి రావు. వాటి కాపీ దించుకోవచ్చు గానీ కొత్తచోట ఎక్కించే వీల్లేదు. పైగా ఈ తతంగమంతా పాత సర్వర్ బతికుండగానే జరగాలి. బ్లూస్కై వాళ్ళు గుర్తింపునీ, రాతలు దాచే చోటునీ విడదీసి, రాతలతో సహా మారే ఏర్పాటు చేశారు. మెచ్చుకోవలసిందే. అయినా అక్కడ కూడా ఎక్కువమంది ఆ కంపెనీ సర్వర్లలోనే ఉన్నారు. తలుపు తీసి ఉన్నంత మాత్రాన బయట ఇల్లు కట్టిపెట్టేదెవరు?

నేను దించుకున్న కాపీలో నా మాటలే ఉన్నాయి, వాళ్ళ జవాబులు లేవు. మొదట ఒళ్ళు మండింది. తర్వాత ఆలోచిస్తే, అవి నావెలా అవుతాయి? ఒకావిడ తన తండ్రి చివరి రోజుల గురించి నాకు రాసింది. ఆవిడ ఎన్నడూ చూడని సర్వర్‌కి ఆ మాటలు నా సంచీలో మోసుకుపోవడానికి నేనెవర్ని? ఆఫీసులో అయితే ఒకరి డేటాని అనుమతి లేకుండా కదిలించను కదా!

ఇంకో సంగతి చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది. ఎవరి పెత్తనమూ లేని చోటని మురిసిపోయాను గానీ, డిస్కు నిండితే అర్ధరాత్రి లేచింది ఆయనే. ఏడాదిలో ఆయనకి నేను ఒక్క డాలరు పంపలేదు. నోటీసు చూశాక రాసిన మొదటి ఉత్తరం కూడా "నా పోస్టులు ఎలా తీసుకెళ్ళాలి?" అనే.

ఆయన ఓపిగ్గా అన్నీ వివరించి, చివర్లో ఒక వాక్యం చేర్చాడు: మీ నాన్నగారి గురించి రాసినవన్నీ నేనూ చదివేవాణ్ణి అని.