గోపురానికి ఆసరా

నేటి పఠనం: 1 రాజులు 8:22–43, 1 పేతురు 2:4–5

కొత్తగూడెంలో రైలెక్కి వరంగల్లు వైపు పోయే వాళ్లకు డోర్నకల్ జంక్షన్ తప్పదు. భద్రాచలం, చర్ల, దుమ్ముగూడెం నుంచి బస్సులో వచ్చి రైలు అందుకున్న వాళ్లూ ఆ స్టేషను మీదుగానే వెళ్లాలి. ఆ ఊళ్లోనే ఉంది ఎపిఫనీ కెథడ్రల్. ఖమ్మం పల్లెల నుంచి గోదావరి ఒడ్డు అడవి దాకా, రేకుల షెడ్డులోనో తాటాకు కప్పు కిందనో కూడుకునే ఎన్నో సంఘాలకు అది తల్లి దేవాలయం. లోకంలోని ఎత్తైన దేవాలయాలను వరుసపెట్టి చెప్పేటప్పుడు మాత్రం దాని పేరు ఎవరి నోటా రాదు.

ఆ వరుసలో వినిపించే పేర్లు వేరు. జర్మనీలోని కొలోన్ కెథడ్రల్ 157 మీటర్లు. 1248లో పునాది వేస్తే పూర్తయింది 1880లో. అదే దేశంలో ఉల్మ్ పట్టణపు దేవాలయం 161 మీటర్లు దాటుతుంది. అది బిషప్ పీఠం కాదు, ఊరి జనం తమ ఆరాధన కోసం కట్టుకున్నది. 1890 నుంచి చాలా కాలం దాన్ని మించిన చర్చి లేదు. 2025 అక్టోబరులో బార్సిలోనాలోని సగ్రాడా ఫమీలియా దాన్ని దాటింది. మన మెదక్ చర్చి గోపురం 175 అడుగులు. మనకు అదే ఎంతో ఎత్తు, కొలోన్ పక్కన పెడితే మూడో వంతు.

ఇంత ఎత్తు చూసినప్పుడు మనసు పొంగడం సహజం. కన్ను పైకి పోతుంది, దానితో పాటు ప్రార్థన కూడా పోతుంది. దాన్ని తప్పు పట్టే హక్కు నాకు లేదు. అయితే ఈ గోపురాలన్నిటిలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఇప్పుడు లేని గోపురం.

ఫ్రాన్సులోని బోవే పట్టణంలో 1225లో ఒక కెథడ్రల్ మొదలుపెట్టారు. బలిపీఠం ఉండే తూర్పు భాగాన్ని 48 మీటర్ల ఎత్తుకు లేపారు. 1284లో దాని పైకప్పు కొంత కూలింది. మళ్లీ కట్టుకున్నారు. తర్వాత 16వ శతాబ్దంలో ఉత్తరం వైపు, దక్షిణం వైపు భుజాలు చేర్చారు. ఇక మిగిలింది పడమటి వైపు పొడవాటి శాల, అంటే సంఘమంతా నిలబడే, కూర్చునే చోటు. వాళ్లు ఆ శాలను పక్కన పెట్టి, ముందుగా నడిమధ్య గోపురం లేపారు. 1569 నాటికి అది 153 మీటర్లకు చేరింది. ఆ రోజుల్లో లోకంలోనే అతి ఎత్తైన కట్టడాల్లో అదొకటి.

ఆ గోపురం బరువంతా నాలుగు పెద్ద స్తంభాల మీద పడింది. మూడు వైపుల గోడలు, కమానులు ఆ స్తంభాలను పట్టి ఉంచాయి. పడమట పట్టి ఉంచేది ఏమీ లేదు. బరువు కొంచెం కొంచెంగా ఆ ఖాళీ వైపుకు ఒరగసాగింది. 1573 ఏప్రిల్ 30, ప్రభువు ఆరోహణ పండుగ. ఆరాధనకు వచ్చిన జనం ఊరేగింపుగా బయటికి నడిచిన కాసేపటికే గోపురం కూలింది. దేవుడు ఆ సమూహాన్ని కాపాడాడు. పడమటి శాల మాత్రం నేటికీ పూర్తి కాలేదు.

ప్రియ చదువరీ, ఆ గోపురానికి ఆసరాగా ఉండవలసింది ఏదో ఒక్కసారి గమనించు. సామాన్య జనం వచ్చి కూర్చునే శాల! పిల్లను చంకనేసుకొని ఆలస్యంగా వచ్చిన తల్లి, చదువు రాక పాటలన్నీ కంఠస్థం చేసిన ముసలాయన, కూలి మానుకొని వచ్చినవాడు ఉండే చోటు. వాళ్ల కోసం కట్టిన గోడలే గోపురాన్ని పట్టి ఉంచేవి. అపొస్తలుడైన పేతురు మనల్ని సజీవమైన రాళ్లని పిలిచినప్పుడు, ప్రతి రాయీ ఏదో ఒక బరువు మోస్తుందనే కదా ఎంచాడు.

డోర్నకల్ కథ దీనికి ఎదురు దిక్కున నడిచింది. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు మన దేశపు మనుషులతో, మన దేశపు కానుకలతోనే సువార్త పని చేయాలని ఒక మిషనరీ సంఘం పెట్టుకొని, నిజాం రాజ్యంలోని డోర్నకల్‌ను తమ పొలంగా ఎంచుకున్నారు. వారిలో ఒకరైన వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు 1909లో ఇక్కడికి వచ్చారు. పుట్టింది తమిళ ఇంట్లో. మన మధ్య బతకడానికి తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు బిషప్‌గా అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికి వచ్చిన మొదటి భారతీయుడు ఆయనే. ఆ రోజున ఆయన డయాసిస్‌లో కెథడ్రల్ అనేదే లేదు.

ఆయన పల్లెపల్లెకూ తిరిగారు. మాల, మాదిగ వాడల్లో సంఘాలు లేచాయి. బాప్తిస్మం పొందిన ప్రతి ఒక్కరూ తన చేయి తన తల మీద పెట్టుకొని, సువార్త చెప్పే భారం తన మీద ఉందని అందరి ముందూ ఒప్పుకోవాలని ఆయన నేర్పారు. ఆ చేయిని తలచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది. నిన్నటిదాకా ఊరి బరువులన్నీ మోసిన తల అది. ఆ తల మీదనే దేవుడు తన పనిని నమ్మి పెట్టాడు.

దేవాలయం ఆ తర్వాత వచ్చింది. అజరయ్య గారు బిషప్ అయిన 26 ఏళ్లకు, 1939 జనవరి 6న, దాన్ని ప్రతిష్ఠించారు. లోపల గుళ్ల మండపాల్లో ఉండే తరహా రాతి స్తంభాలు, పైన మసీదులను తలపించే గుమ్మటాలు. ఆ రోజు ఎపిఫనీ పండుగ, తూర్పు దేశపు జ్ఞానులు దూరం నడిచి వచ్చి శిశువైన యేసును చూసిన పండుగ. మెదక్ చర్చి 1924లో క్రిస్మస్ నాడే ప్రతిష్ఠ అయింది. కరువు కాలంలో పస్తులున్న జనానికి పని, తిండి దొరకాలని మిషనరీ పాస్నెట్ దొర ఆ కట్టడం పని నడిపించారు. అందుకే ఆ 175 అడుగులను చూస్తే నాకు ముందు గుర్తొచ్చేది అన్నం.

మన అడవి అంచుకు వస్తే దుమ్ముగూడెం ఉంది. 1860లలో గోదావరి మీద పడవల రాకపోకల కోసం అక్కడ పెద్ద ఆనకట్ట పని నడిచింది. ఆ పని మీద ఉన్న ఇంజినీరు హేగ్ దొర చుట్టూ ఉన్న కోయవారి కోసం భారపడి ప్రార్థించేవారు. ఆ పనుల్లోనే ఉద్యోగం చేస్తున్న వెంకటరామరాజు గారు క్రీస్తును అంగీకరించి, కొలువు వదిలేసి, కోయగూడేల్లో తొలి సువార్తికుడయ్యారు. 1871లో ప్రభుత్వం ఆ జలమార్గం పథకాన్ని మానుకుంది. ప్రభుత్వం సొమ్ము పోసిన పని ఆగింది, ఒక ఉద్యోగి మొదలుపెట్టిన పని ఆగలేదు. ఆ శతాబ్దం ముగియక ముందే లూకా సువార్త కోయ భాషలో అచ్చయింది.

సొలొమోను కట్టించిన మందిరం ఎత్తు 30 మూరలే. ఆకాశ మహాకాశాలు పట్టని దేవుడికి ఈ ఇల్లు ఏపాటిదని అతడే ఒప్పుకున్నాడు. ఆ ప్రార్థనలో ఇంకో విన్నపం చేర్చాడు: దూరదేశపు పరాయివాడు వచ్చి ఈ ఇంటివైపు చేతులెత్తితే అతని మాట వినుమని. బంగారం పొదిగిన మందిరం ఎదుట నిలబడిన రాజుకు, ఇంకా రాని మనిషి గుర్తున్నాడు. మన మందిర కమిటీలో గోపురం ఎన్ని అడుగులు లేపాలన్న మాట వచ్చినప్పుడు, లోపల ఎవరికి చోటు చాలడం లేదో కూడా అడుగుదాం. వాగు దాటి వచ్చే గూడెం వాళ్లు ఎక్కడ కూర్చుంటున్నారు? గుమ్మం దగ్గరే ఆగిపోతున్నారా?

ప్రార్థన: ప్రభువా, చాప మీద కూర్చొని నిన్ను కొలిచే సంఘాలను బట్టి నీకు స్తోత్రం. వాన కురిసినా వాగులు దాటి పోయే పాస్టరు గారిని, ఆయన కోసం ఎదురుచూసే ఇంటివారిని కాపాడు. మా ఊరి మందిరానికి రావడానికి వెనకాడుతున్నవారి పేర్లు మాకు గుర్తు చేయి. ఈ ఆదివారం వారి గుమ్మం దాకా వెళ్లే మనసు మాకియ్యి. ఆమేన్.