మీ అమ్మ నడకతో నడవండి

బిడ్డా,

సంక్రాంతి సెలవులకు పిల్లల్ని తీసుకొని వస్తున్నామన్నావు. సంతోషం. ఒక్క రోజులో రామప్ప, లక్నవరం, పాకాల మూడూ చుట్టేద్దామని అల్లుడు అంటున్నాడట. మూడూ కాకతీయుల నాటి చెరువులే, మూడూ చూడదగ్గవే. అయినా పెద్దనాన్న మాటగా ఒకటి చెబుతాను, విను. ఈసారికి రామప్ప చెరువు ఒక్కటి చాలు. సాయంత్రమంతా అక్కడే గడపండి. మీ అమ్మను వెంట తీసుకెళ్లండి. ఆమె ఎంత మెల్లగా నడిస్తే మీరంతా అంత మెల్లగా నడవండి.

మోకాళ్ల నొప్పులు కదా, ఎందుకు తిప్పలు పెట్టడం అని ఆమెను ఇంటి దగ్గర వదిలేసి పోవడం మీకు ప్రేమగానే తోస్తుంది. ఆమె కూడా "మీరు పోయి రండి, నేను సకినాలు చేసి పెడతా" అంటుంది. ఆ మాట పట్టుకొని బయలుదేరొద్దు. చెరువు కింది పొలాల్లో నాట్లేసి, కలుపు తీసి, కోతలు కోసి మిమ్మల్ని చదివించిన మనిషి ఆమె. ఆ నీళ్ల సంగతి ఆమెకు తెలిసినంత మనింట్లో ఎవరికీ తెలియదు, నాకు కూడా.

నాలుగింటికల్లా కట్ట మీదికి చేరుకోండి. చలికాలం, పొద్దు తొందరగా గూకుతుంది. కట్ట మీద నిలబెట్టి పిల్లల్ని రెండు వైపులా చూడమను. ఒక వైపు కొండల దాకా నీళ్లు, ఇంకో వైపు కిందుగా పొలాలు. నీళ్లు ఎత్తున, పొలం పల్లాన. తూము లేపితే మోటరు లేకుండానే కాలువలోకి నీళ్లు ఎట్లా పారతాయో ఎవరూ చెప్పనక్కర్లేకుండా వాళ్లకే తెలిసిపోతుంది. మత్తడి ఎందుకని అడిగితే మీ అమ్మను చెప్పనియ్యి. వానాకాలంలో నిండిన చెరువు కట్ట తెగకుండా, ఎక్కువైన నీళ్లు దూకిపోయే దారి అది. మత్తడి దూకిందంటే ఊరికి ఆ ఏడు పండుగే. యాసంగి నాట్లు పడే రోజులు కాబట్టి బురదలో వంగి నాట్లేసే ఆడవాళ్లు కనిపిస్తారు. అక్కడ కాసేపు ఆగండి. అమ్మమ్మ వయసులో ఉన్నప్పుడు ఏం చేసిందో పిల్లలు కళ్లారా చూస్తారు.

రామప్ప గుడి సంగతి పిల్లలు బడిలో చదువుకొనే ఉంటారు. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడని, నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలతో శిఖరం లేపారని, 2021లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిందని. చదవాల్సినవే. కానీ గుడి కట్టించిన కాకతీయులే కొండల నడుమ కట్ట పోసి, జనం తిండికి నీళ్లు నిలిపారు. గుడిని చూసి మురిసినట్టే చెరువును చూసి కూడా మురియడం పిల్లలకు చిన్నప్పుడే అలవాటు కావాలి.

అమ్మ కోసం మెల్లగా నడిస్తే మీకు పొద్దుపోదనుకోకు. ఆమె అలిసి కూర్చున్న చోటే మీరూ కూర్చోండి. నీళ్లలో బుడుబుంగ మునుగుతుంది. ఎక్కడ తేలుతుందో చెప్పమని పిల్లలతో పందెం వేయి. చిన్నోడు ఒక చోటు చూపిస్తాడు, అది ఇంకెక్కడో తేలుతుంది. నీటికాకి మోడు మీద వాలి రెక్కలు చాచి ఆరబెట్టుకుంటుంది. కారు దిగి ఫొటో దిగి వెళ్లిపోయేవాళ్లకు ఇవేవీ కంటబడవు.

ఒక్క జాగ్రత్త మాత్రం మరవొద్దు. నీళ్ల అంచున రాళ్లు పాకురు పట్టి జారతాయి, పిల్లల్ని దిగనియ్యకండి. తూము దగ్గర లోతు ఎక్కువ. మట్టి తవ్విన చోట గుంతలు నీళ్ల కింద కనిపించవు. ఈత వచ్చని అల్లుడు కూడా దిగొద్దు, నా మాటగా చెప్పు. చిన్నోడి చెయ్యి ఎవరో ఒకరి చేతిలో ఉండాల్సిందే. సంచిలో మంచినీళ్లు, అమ్మకు శాలువా, తిరుగు దారికి ఒక టార్చిలైటు పెట్టుకోండి. తిన్న కవర్లు మళ్లీ సంచిలోనే వేసుకొని రండి. ఆ నీళ్లే పొలానికి పోతాయి.

లక్నవరం వేలాడే వంతెన ఎక్కడికీ పోదు, పాకాల అడవీ ఎక్కడికీ పోదు. దసరా సెలవులకు చూద్దురు గాని. మీ అమ్మ మోకాళ్లు మాత్రం వచ్చే ఏడు కట్ట ఎక్కనిస్తాయో లేదో చెప్పలేం. ఈ పండక్కే ఆమెను నడిపించుకొని వెళ్లండి. పిల్లాపాపలతో చల్లగా ఉండు బిడ్డా.

మీ పెద్దనాన్న