తీరిక, తీర్పు: ఉద్యోగంలో ఆలోచనకు చోటు

తెలుగులో ‘తీరు’ అనే క్రియ నుంచి రెండు నామవాచకాలు ఏర్పడ్డాయి. పని తీరినప్పుడు దొరికేది తీరిక. వివాదాన్ని తీర్చడానికి చెప్పేది తీర్పు. ధాతువు ఒకటే అయినా మన భావనలో వీటికి ఒక వరుస ఉంది. ముందు పని, తరువాత తీరిక, తీరిక ఉంటే ఆలోచన, ఆపై తీర్పు. ఉద్యోగంలో విమర్శనాత్మకంగా ఆలోచించడానికి సమయం లేదన్న ఫిర్యాదుకు ఈ వరుసే ఆధారం. ఈ ఆధారం ఎంతవరకు నిలుస్తుందన్నది ఇక్కడ పరిశీలనాంశం.

ఈ ప్రశ్న నాకు గ్రంథాలయంలో పుట్టలేదు. పరిశోధన చేస్తూ అతిథి అధ్యాపకురాలిగా పనిచేసిన రోజుల్లో ఒక మూల్యాంకన శిబిరానికి వెళ్లాను. ముందు జవాబు పత్రాల కట్ట, పక్కన ‘కీ’, పూటకు ఇన్ని దిద్దాలన్న లెక్క. కన్యాశుల్కంలోని మధురవాణి పాత్రచిత్రణను గురించి ప్రశ్న. ‘కీ’లో నాలుగు అంశాలున్నాయి. ఒక పత్రంలో ఆ నాలుగూ లేవు. ఆమె చాతుర్యాన్ని అందరూ మెచ్చుకుంటారు గాని, వృత్తి మానుకుంటే రేపటి నుంచి ఆమె ఎలా బతుకుతుందని ఎవరూ ఎందుకు అడగరు అంటూ రెండు పుటలు రాసి ఉంది. చదివాను. బాగుందనిపించింది. ‘కీ’తో సరిపోలేదు కనుక పదికి మూడు వేసి తరువాతి పత్రం అందుకున్నాను. చేసింది అన్యాయమని సాయంత్రం బస్సులో గాని తోచలేదు. అప్పటికే కట్టకు సీలు పడింది.

సమయం లేక అలా చేశానని చెప్పుకోవచ్చు. అది పూర్తి నిజం కాదు. ఆ పత్రాన్ని పక్కన పెట్టడానికి క్షణం చాలు. నాకు లేనిది ఆ క్షణం కాదు, ‘కీ’ని సందేహించడం కూడా పరీక్షకురాలి పనిలో భాగమేనన్న ఎరుక. ఐక్‌మన్ విచారణపై 1963లో వెలువడిన తన గ్రంథంలో హన్నా ఆరెంట్ ఆలోచనారాహిత్యాన్ని ఒక నైతిక సమస్యగా చర్చించింది. నా మూడు మార్కులను ఆ మహాపాతకం సరసన నిలపడం హాస్యాస్పదం. అయితే అప్పగించిన పనిని శ్రద్ధగా చేయడమే ఆలోచించకపోవడానికి సాకు కాగలదన్న ఆమె హెచ్చరిక చిన్న తప్పులకూ వర్తిస్తుంది.

గిడుగు రామమూర్తి జీవితం ఈ చర్చకు మరింత దగ్గరగా ఉంటుంది. ఆయన 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. ఆయనకు తీరిక ఎక్కువని ఎవరూ అనలేరు. బడిపని చేస్తూనే సవర భాష నేర్చుకున్నారు, శాసనాలు చదివారు, మన్యంలో తిరిగి జ్వరాన పడ్డారు. అంతటి జిజ్ఞాసువు కూడా గ్రాంథికమే ప్రమాణమైన విద్యావ్యవస్థలో పాతికేళ్లు పనిచేసిన తరువాతే వ్యావహారిక భాషోద్యమానికి పూనుకున్నారు. 1906-07 ప్రాంతంలో దానికి ప్రేరణనిచ్చింది పాఠశాలల పర్యవేక్షణాధికారిగా వచ్చిన జె.ఎ. యేట్స్ సందేహం. జనం మాట్లాడే తెలుగుకూ పుస్తకాల తెలుగుకూ ఇంత తేడా ఎందుకన్నది ఆ సందేహం. పర్యవేక్షణ అంటేనే ఉపాధ్యాయుడు ఆలోచన మాని రికార్డులు సరిచూసుకొనే సందర్భం. అటువంటి పనిలోనే, తీరిక కోసం ఆగకుండా, ఆ ప్రశ్న పుట్టింది.

దీన్నిబట్టి తీరిక అనవసరమనుకుంటే అది మరో పొరపాటు. సందేహం పుట్టడం వేరు, దాన్ని నిరూపించడం వేరు. గిడుగు 1911లో ఉద్యోగం విరమించారు. ‘తెలుగు’ పత్రిక 1919లో వచ్చింది. పూర్వకావ్యాల నుంచి, శాసనాల నుంచి ప్రయోగాలు ఏరి కూర్చడం బడిగంటల నడుమ సాధ్యమయ్యే పని కాదు.

మరొకటి కూడా గమనించాలి. యేట్స్ అధికారి కనుక ఆయన సందేహం చర్చనీయాంశమైంది. అదే మాట ఒక పల్లె బడిపంతులు అని ఉంటే దాన్ని అజ్ఞానం కింద కట్టి ఉండేవారేమో. ఆలోచనకు సమయం కేటాయించాలని నేటి సంస్థలు చెప్పేటప్పుడు ఆ సమయం ఏ మెట్టు మీద ఉన్నవారికి అన్నది సాధారణంగా చెప్పవు. పై మెట్టు మీద సందేహం దూరదృష్టి అనిపించుకుంటుంది, కింది మెట్టు మీద జాప్యం అనిపించుకుంటుంది. అందువల్ల ఇది గడియారానికి సంబంధించిన సమస్య కన్నా న్యాయానికి సంబంధించిన సమస్య అని నా అభిప్రాయం. నా తప్పు దీనితో చెరిగిపోదు. నేను అడిగి కాదనిపించుకోలేదు, అసలు అడగనే లేదు.

మరుసటి ఏడాది శిబిరంలో, పత్రాలు పంచకముందే ‘కీ’ మీద చర్చ జరపాలని ప్రధాన పరీక్షకులను కోరాను. “తప్పకుండా చర్చిద్దామమ్మా. పూటకు లెక్క మాత్రం తగ్గదు” అన్నారాయన. అరగంట మాట్లాడుకున్నాం. ‘కీ’లో లేకపోయినా తర్కం నిలిచే సమాధానానికి సగానికి తక్కువ వేయకూడదని నిర్ణయించాం. ఆ అరగంటను మధ్యాహ్నం మా భోజన విరామంలోంచి తగ్గించారు.