ముసలితనానికి ముందుచూపు తవక్కుల్‌కు విరుద్ధమా?

ఇషా నమాజు తర్వాత మసీదు అరుగు మీద కూర్చున్న పెద్దలను "రేపు కాలూచేయీ ఆడకపోతే ఎలా?" అని అడిగి చూడండి. మన పల్నాడులో తరచూ వచ్చే జవాబు ఒకటే: "అల్లాహ్ ఉన్నాడు, ఇంట్లో ఆమె ఉంది." ఈ జవాబులో మొదటి సగం ఈమాన్. రెండవ సగం గురించే మేము కొంత మాట్లాడదలిచాము.

ఆమె ఉంది, నిజమే. కానీ ఆమెకూ అరవై దాటాయి. గురజాల వైపు ఒక గ్రామంలో మాకు తెలిసిన పెద్దాయన పక్షవాతంతో మూడేళ్ళుగా మంచంలో ఉన్నారు. పక్కకు తిప్పడం, శుభ్రం చేయడం, వుజూ చేయించడం అన్నీ ఆయన భార్యే చేసేవారు. ఒకనాడు ఆమె తడి నాపరాళ్ళ మీద జారిపడ్డారు, తుంటి ఎముక విరిగింది. ఒక కొడుకు హైదరాబాదులో, మరొకరు గల్ఫ్‌లో. మేము పరామర్శకు వెళ్ళినప్పుడు ఆయన ఏడ్చింది తన జబ్బుకు కాదు. "ఈమె సంగతి నేనెన్నడూ ఆలోచించలేదు మౌలానా" అన్నారు.

తవక్కుల్ అంటే ఆలోచించకపోవడం కాదు. ఒంటెను కట్టి, ఆపై అల్లాహ్‌ను నమ్ముకోమని దైవప్రవక్త (స) బోధించిన సంగతి మనకు తెలుసు. హజ్రత్ యూసుఫ్ (అలై) రాబోయే ఏడు కరువు సంవత్సరాల కోసం పంట నిల్వ చేయించారు. ఆయన నమ్మకంలో లోపం ఉందని ఎవరనగలరు? ముసలితనం కూడా చాలామందికి ముందే తెలిసి వచ్చే కరువే. దానికి ఏర్పాటు చేసుకోకుండా, ఆ భారమంతా ఒక్క మనిషి వీపున పెట్టి దానికి తవక్కుల్ అని పేరు పెట్టడం మాకు సరిగా తోచదు.

మరి ఈ సేవ భార్యాభర్తల మీదే ఎందుకు పడుతుంది? దానికి షరీఅత్‌లో ఒక కారణం ఉంది. సతర్ విషయంలో వారిద్దరి మధ్య ఉన్న చనువు మరెవరికీ లేదు. భార్య లేని రోగికి కొడుకో సోదరుడో వుజూ చేయించవచ్చు గానీ ఇస్తింజా చేయించరాదని, ఆ బాధ్యత రోగి మీద నుంచి తొలగిపోతుందని ఫతావా ఆలంగీరీలో ఉంది. భర్త లేని స్త్రీకి కూతురు, సోదరి విషయమూ అంతే. తప్పనిసరి అయినప్పుడు చేతికి గుడ్డ చుట్టుకొని, చూపు మరల్చుకొని శుభ్రం చేయవచ్చని నేటి ముఫ్తీలు చెబుతున్నారు. ఈ మసాయిల్ ఒంట్లో శక్తి ఉండగానే నేర్చుకోవలసినవి. కోడలి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అత్తమామల సేవ ఆమె చేస్తే అది ఆమె ఇహ్‌సాన్. బాధ్యత మాత్రం కొడుకుది, కూతురిది.

సేవ అనగానే మనకు భార్యే గుర్తుకొస్తుంది. కానీ హి.శ. 2లో బద్ర్‌కు బయలుదేరే వేళ దైవప్రవక్త (స) తన అల్లుడు హజ్రత్ ఉస్మాన్ (రజి)ను మదీనాలోనే ఆపారు. కారణం, ఆయన భార్య హజ్రత్ రుఖయ్యా (రజి) జబ్బుతో ఉన్నారు. ఆమె దక్కలేదు. విజయవార్త మదీనా చేరేసరికి ఆమె ఖననం జరుగుతోంది. అయినా బద్ర్‌లో పాల్గొన్నవారికి లభించే పుణ్యమూ, యుద్ధప్రాప్తిలో వాటా ఆయనకు దక్కాయి. భార్య మంచం పక్కన కూర్చోవడాన్ని ఇస్లాం ఏ వరుసలో నిలిపిందో చూడండి! "నేను మగవాణ్ణి, అన్నం వండి పెట్టడం నాకు రాదు" అనే సోదరులు ఈ సంఘటనను మరోసారి చదువుకోవాలి. గంజి కాయడం, మంచం పట్టిన మనిషిని పుండ్లు పడకుండా పక్కకు తిప్పడం యాభై ఏళ్ళ వయసులోనైనా నేర్చుకోవచ్చు.

ఇక ఆస్తి విషయం. సంతానం ఉంటే భర్త ఆస్తిలో భార్యకు వచ్చేది ఎనిమిదో వంతు. అది అల్లాహ్ నిర్ణయించిన వాటా, అందులో మాటకు తావులేదు. కానీ ఇల్లు పంపకానికి వస్తే, అన్నేళ్ళు సేవ చేసిన ఆ తల్లి ఎక్కడుంటుంది? మహర్ బాకీ ఉంటే అది అప్పు. పంపకానికి ముందే తీరాలి, బతికుండగా తీరిస్తే మరీ మేలు. వారసురాలైన భార్యకు వసీయత్ రాస్తే, మిగతా వారసులు ఒప్పుకుంటేనే చెల్లుతుంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఇంట్లో కొంత భాగం హిబా చేయవచ్చు. స్వాధీనం ఎలా అప్పగించాలో ముఫ్తీని అడగండి. ఇతర వారసులను, ముఖ్యంగా కూతుళ్ళను దెబ్బతీసే ఉద్దేశం మాత్రం ఉండకూడదు. మరణవ్యాధిలో చేసే హిబా వసీయత్ కిందికే వస్తుంది గనుక వాయిదా పనికిరాదు.

ఇల్లంతా కొడుకుల పేర రాసేయడం మాత్రం వద్దు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం, చూసుకోవాలనే షరతుతో ఇచ్చిన ఆస్తిని, చూడకపోతే ట్రిబ్యునల్ రద్దు చేయగలదు. కానీ పండుటాకు వయసులో కన్నబిడ్డల మీద ఫిర్యాదు పట్టుకొని తిరిగే పరిస్థితి ఎందుకు తెచ్చుకోవాలి?

ఇంటి మార్పులకు పెద్ద ఖర్చేమీ లేదు. మరుగుదొడ్డి పెరటి చివర కాక మంచానికి దగ్గరగా ఉండాలి. గోడకు పట్టుకునే పైపు, కూర్చునే కమోడ్, నాపరాళ్ళ మీద జారని పట్టా కావాలి. రెంటచింతల ఎండలు తెలిసినవారికి రోగి గది పడమటి గోడను ఆనుకొని ఉండకూడదని వేరే చెప్పనక్కరలేదు. 2024 జూలై నుంచి ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలైంది. పక్షవాతంతో పూర్తిగా మంచానికే పరిమితమైన అర్హులకు 15,000. అర్హత ఉన్నవారు తీసుకోవడానికి సిగ్గుపడవలసింది లేదు.

ఆ గురజాల పెద్దాయన బక్రీద్‌కు పిల్లలంతా వచ్చినప్పుడు మమ్మల్ని కూడా పిలిచారు. తల్లి బతికి ఉన్నంతకాలం ముందు గది, వంటగది ఆమెవేనని అందరి ముందూ మాట తీసుకుని, కాగితం మీద రాయించారు. వారానికి ఆరు రోజులు ఉదయం పూట ఆయనకు స్నానం చేయించడానికి ఒక మనిషిని కుదిర్చారు, జీతం ఇద్దరు కొడుకులూ చెరిసగం. ఆమె ఇప్పుడు చేతికర్రతో నడుస్తున్నారు. స్నానాల గదిలో పైపు బిగించి వెళ్ళింది గల్ఫ్ కొడుకే.