మనుమరాలిని చూసే హక్కు యెవరిది?

అచ్యుతాపురం ఆర్థిక మండలిలోని దుస్తుల కర్మాగారాలకు అనకాపల్లి చుట్టుపక్కల గ్రామాల నుంచి వేలాది స్త్రీలు బస్సుల్లో వెళ్లి వస్తుంటారు. వాళ్ల పిల్లలను పగలంతా సాకేదెవరు? చాలా యిళ్లలో అమ్మమ్మో, నాయనమ్మో. యీ చాకిరీకి కూలి లేదు, లెక్కా లేదు. రేపు దంపతులు విడిపోతేనో, వారిలో ఒకరు పోతేనో, ఆ ముసలామెకు బిడ్డ ముఖం చూసే హక్కయినా వున్నదా?

1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం తండ్రిని, ఆయన తర్వాత తల్లిని సహజ సంరక్షకులన్నది. ఆ వరసలో తాతలూ లేరు, అవ్వలూ లేరు. 1890 నాటి గార్డియన్ల, వార్డుల చట్టం కింద బంధువెవరైనా సంరక్షకత్వం కోరవచ్చు. అంటే బిడ్డను పూర్తిగా యిమ్మని అడగవచ్చుగాని, ఆదివారం ఒక పూట చూపించమని అడిగేందుకు విడిగా ఒక సెక్షను లేదు. అది న్యాయమూర్తి విచక్షణకే వదిలిన సంగతి. 2007లో వచ్చిన వృద్ధుల పోషణ చట్టం మరీ విచిత్రం. మైనారిటీ తీరిన మనుమడి నుంచి మనోవర్తి కోరవచ్చునన్నది. యెదిగిన మనుమడి జేబు మీద హక్కున్నది, యెదుగుతున్న మనుమడిని చూడటానికి లేదు! ఆస్తి సంబంధం తెలిసినంతగా మన చట్టాలకు మమత తెలియదు గదా.

అయితే హక్కును తాతల చేతికిస్తే సరిపోతుందనే మిత్రులతో నేను యేకీభవించలేను. "మా వంశాంకురం" అనే మాట వెనుక యేమున్నదో మనకు తెలియనిది కాదు. బిడ్డ మాది, కోడలు పుట్టింటిది అనే లెక్క అది. (పుట్టింది ఆడపిల్లయితే ఆ ఆత్రం యెందుకో సగమవుతుంది.) భర్త పోయిన స్త్రీ మీద అది మరో పెత్తనమవుతుంది. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం యెవరైనా, యెప్పుడైనా బిడ్డను చూసే హక్కు కోరవచ్చునని శాసనం చేసింది. తండ్రి పోయిన యిద్దరు ఆడపిల్లల వ్యవహారంలో 2000లో అక్కడి సుప్రీంకోర్టు తల్లి పక్షానే తీర్పు చెప్పింది.

ఫ్రాన్సు పౌరస్మృతిది మరో దారి. తాతా అవ్వలతో సంబంధం నిలుపుకొనే హక్కు బిడ్డది అన్నది. బిడ్డ క్షేమం తప్ప మరేదీ దానికి అడ్డు రాకూడదన్నది. నాకు యిదే న్యాయమనిపిస్తుంది. కాని అయిదేళ్ల పిల్ల వకాలతు మీద సంతకం చెయ్యలేదు. ఆమె తరపున వచ్చినవారిని కోర్టు యింటిపేరు అడగకూడదు. యెవరు గంజి పోశారు, యెవరు జ్వరంలో రాత్రంతా మేలుకున్నారు అని అడగాలి. దానికి సాక్ష్యం చెప్పగలవాళ్లు యిరుగుపొరుగు వాళ్లే. కోర్టు దాకా రావాలంటే వాళ్లకు ఆనాటి కూలి పోతుంది.