విరాగుల తోబుట్టువులు

లోకమును విడిచిన మహాత్ముని గూర్చి వినునప్పుడు ఆతడేమి విడిచెనని యడుగుదుము గాని, ఎవరిని విడిచెనని యడుగము. మేము న్యాయవాదవృత్తిలో నుండువారము గనుక ఈ రెండవ ప్రశ్నయే మాకు ముందుగా దోచును. తన సుఖమును ద్యజించుటకు ప్రతివానికిని హక్కు గలదు. ఇతరుల జీవనాధారమును ద్యజించుటకు గలదా? తొలినాటి క్రైస్తవ విరాగుల చరిత్రములు చదివినప్పుడు ఈ సందేహము మమ్ము విడువలేదు.

వీరిలో మిక్కిలి ప్రసిద్ధుడు ఐగుప్తు దేశపు అంతోనీ. ఈతడు సుమారు క్రీ. శ. 251లో జన్మించి 356లో మరణించెను. అలెగ్జాండ్రియా బిషప్పగు అథనేసియసు వ్రాసిన జీవితచరిత్రము ప్రకారము, ఈతనికి పదునెనిమిదో యిరువదో యేండ్లున్నప్పుడు తల్లిదండ్రులు గతించిరి. 300 అరూరాల సారవంతమైన భూమియు, అనగా మన లెక్కకు ఇంచుమించుగా 200 యెకరములును, ఒక చిన్న చెల్లెలి పోషణభారమును ఈతనికి సంక్రమించెను. ఒకనాడు దేవాలయమున, ఉన్నదమ్మి బీదలకిమ్మను సువార్తవాక్యము విని, భూమిని గ్రామస్థుల కిచ్చివేసెను. చరాస్తి నమ్మి బీదలకు బంచెను. చెల్లెలికొఱకు గొంచెము మిగిల్చెను. మరియొకనాడు, రేపటిని గూర్చి చింతింపవలదను మాట విని, ఆ కొంచెమును గూడ బంచిపెట్టి, ఆమెను కన్యావ్రతము పూనిన స్త్రీలకు నప్పగించి, తాను తపమునకు బోయెను.

అంతోనీ సోమరి కాడు. చేతులార పనిచేసి తినెను. 311లో క్రైస్తవులు హింసింపబడుచున్నప్పుడు ప్రాణభీతి లేక అలెగ్జాండ్రియాకు వచ్చి, గనులలోను చెఱసాలలలోను ఉన్నవారికి పరిచర్య చేసెను. అట్టివానిని నిందించుట మా యుద్దేశము కాదు. కాని మిగిల్చిన ఆ కొంచెము ఎవరిది? సంరక్షకుడు తన యధీనమందలి బాలిక సొమ్మును ధర్మము చేసినచో దానిని దానమందుమా? అథనేసియసు ఆమె పేరైన జెప్పలేదు. ఆమె యభిప్రాయ మడిగినట్లును జెప్పలేదు. ముదిమినాటి కామె కన్యకాసమాజమునకు నాయకురాలైనదనియు, ఆమెను జూచి అంతోనీ సంతసించెననియు మాత్రము వ్రాసెను. ఫలితము మంచిదైనది గదా యని కొందఱందురు. మంచి ఫలితము అనుమతికి బదులు కాజాలదు. మన కౌటిల్యుడు, ఆలుబిడ్డల పోషణ మేర్పఱుపక సన్న్యసించువానికి దండనము విధించెను. విరక్తికంటె బాధ్యత ముందటిదని ఆ కఠినుడు గ్రహించెను.

పకోమియసు కథ వేఱు. బలవంతముగా సైన్యమునకు బట్టబడి తీబ్సు పట్టణమున బంధితుడై యుండగా, ముక్కుమొగ మెఱుగని క్రైస్తవులు తెచ్చిపెట్టిన యాహారమే ఈతని మతమునకు దెచ్చినది. సుమారు 320 ప్రాంతమున నైలునది యొడ్డున తబెన్నేసిలో అనేకులు కలసి పనిచేసి కలసి భుజించు మఠమును స్థాపించెను. సోదరి చూడవచ్చినప్పుడు ఈతడు ముఖమైన జూపలేదు. ద్వారపాలకునిచే మాట పంపెను. ఇది మాకు కటువుగా దోచుచున్నది. అయినను ఆ మాటలో ఒక న్యాయము గలదు: ఆలోచించుకొనుము, ఈ జీవితము నీకిష్టమైనచో సోదరులు నీకు నివాసము కట్టుదురు అని. ఈతడు అడిగెను. ఆమె యొప్పుకొనెను, అట్లు స్త్రీలమఠ మేర్పడెను.

కప్పడోకియా దేశపు బాసిలు ఇంకను ముందునకు బోయెను. ఒంటరిగా వసించువాడు పొరుగువానిని ప్రేమింపుమను ఆజ్ఞ నెట్లు నెరవేర్చునని తన మఠనియమములలో వాదించి, కైసరియ నగరము వెలుపల రోగులకును బీదలకును ఆశ్రయములు కట్టించెను. చరిత్రకారులు ఇంతటితో నాగుదురు. మే మాగము. ఏలయన, విద్యాగర్వముతో ఇంటికి మరలిన బాసిలును ఈ మార్గమునకు ద్రిప్పినది ఆతని యక్క మక్రీనాయని వారి తమ్ముడగు గ్రెగరీ వ్రాసెను. లభించుచున్న బాసిలు రచనలలో ఆమె ప్రసక్తియే కానరాదు!

తండ్రి నిశ్చయించిన వరుడు పెండ్లికి ముందే మరణింపగా, మక్రీనా మరియొక సంబంధమున కొడంబడలేదు. మన బాలవితంతువుల విషయమున నిర్ణయము లోకులు చేసిరి. ఇచ్చట నిర్ణయ మామెదే. ఆమె అరణ్యమునకు బోలేదు. తల్లి ఎమ్మెలియాను విడువక, తమ యింటినే ఆశ్రమముగా మార్చి, దాసీజనమును తమతో సమానులను జేసి, ఒకే పంక్తిని భుజించిరి. ఆమె విడిచినది యజమానురాలి పీఠమును, మనుష్యుల గాదు.

379లో ఆమె మరణించినప్పుడు దేహముపై గప్పుటకు ఆమెకు దగిన వస్త్రమే లేకుండెను. తుదకు తల్లిదగు నల్లని పైవస్త్రమును గప్పిరి. చుట్టును చేరి అమ్మా యని బిగ్గఱగా నేడ్చినవారిలో, కఱవుకాలమున ఆమె త్రోవల ప్రక్కనుండి యెత్తి తెచ్చి పెంచిన బాలిక లుండిరి.